మా మిషన్ ఎరగని దణ్ణం

వేణువు మీద వేళ్ళాడించి లోకాన్ని నడిపే గోపాలస్వామికి ముందుగా జయం.

మా గుడివాడ కాలేజీ ప్రాజెక్టు కోసం పాలకాయతిప్ప నుంచి వలలు అల్లే మావయ్యను తీసుకొచ్చాం. కళ్ళకు వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుని ఆయన వల ముడి వేస్తే, తెర మీది బొమ్మచేతులు అచ్చం అలాగే వేయాలి. ఎదురుగా పరీక్షకు వచ్చిన మాస్టార్లు. మా మార్కులన్నీ ఆ చేతుల్లోనే ఉన్నాయి.

దణ్ణం పెట్టనిదే మావయ్య ఏ పనీ మొదలుపెట్టరు. ఆయన చేతులు జోడించగానే, ఏది కుడో ఏది ఎడమో హెడ్‌సెట్‌కున్న నాలుగు కెమెరాలకు తెలియక తెర మీద రెండూ మాయమయ్యాయి. గుప్పిటా చిటికే అన్నీ సరిచూసుకున్నాం గాని, దణ్ణం సంగతి ఎవరికీ తట్టలేదు.

“మావయ్యా, ఈ ఒక్కసారికి దణ్ణం వద్దులెండి,” అన్నాను, రోజూ భజనలో తాళం వేసే నేనే!

“నాలుగు కళ్ళున్నాయి, దణ్ణం తెలీదేంటమ్మా దీనికి? పోన్లే, ఇదింకా చిన్నపిల్ల,” అంటూ అరచేతుల మధ్య వేలెడు సందు వదిలి దణ్ణం పెట్టారు. బొమ్మచేతులు తిరిగొచ్చాయి. ముడి పడింది. మేం గట్టెక్కాం.

ఆ అలవాటు మాత్రం ఆయనకు ఉండిపోయింది. గుళ్ళోనూ అదే సందు!

ఈమధ్య ఆయన వేళ్ళు వణుకుతున్నాయట. మీరూ నాతోపాటు ఆయన కోసం చేతులు జోడించండి, సందు వదలకుండా.