ఉట్టి పైకి పోలేదన్న నర్సమ్మ

నా అక్షరాలు వంకరగా ఉంటాయి. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. ఊరి బడిలో ఐదో తరగతి వరకే చదివాను. తప్పులుంటే దిద్దుకుని చదవండి, ఏమీ అనుకోకండి.

మా నర్సమ్మ పోయిందని సాలూరు నుంచి వాళ్ల చెల్లెలు కార్డు రాసింది. నాలుగు ముక్కలే. అది మా ఆవిడకి చదివి వినిపించడానికి చాలాసేపు పట్టింది.

రిటైరయ్యాక సాలూరులో ఉండేది కానీ, అంతకుముందు చాలా ఏళ్లు నర్సు ఉద్యోగంలో టైడా పైన మా కొండ ఊళ్లన్నీ కాలినడకనే తిరిగింది. చేతిలో గొడుగు ఉండేది. అది ఎండకీ కాదు, వానకీ కాదు, కుక్కల్ని అదిలించడానికి. గెడ్డలో నీళ్లు దాటేటప్పుడు చెప్పులు చంకలో పెట్టుకునేది. గుమ్మంలోకి వస్తూనే "అంబలుందా?" అని అడిగేది. మందుల మాట తరువాతే. మా ఆవిడని అక్కలా అప్పా అనీ, నన్ను బావా అనీ పిలిచేది. నేను మాటకారిని కాను. అలా పిలిచినప్పుడల్లా తల దించుకునేవాణ్ణి.

ఒక ఏడాది కాఫీ పళ్లు కోసే రోజుల్లో మా ఆవిడకి ఉట్టి అందలేదు.

"ఉట్టి ఎందుకయ్యా పైకి కట్టీసినావు?" అని నా మీద ఎగిరింది.

నేను కట్టలేదు. వాదించడం రాదు కాబట్టి తాడు మూడు వేళ్లు దించాను. రెండేళ్లకి మళ్లీ అందలేదంది. మళ్లీ దించాను. ఓ రోజు నర్సమ్మ మా ఇంట్లో ఉండగా ఉట్టి కుండ నా నుదుటికి తగిలింది. ఆమె పకపకా నవ్వింది. ఎందుకంత కిందకి కట్టావని అడిగింది. చెప్పాను. నవ్వు ఆగిపోయింది.

"ఉట్టి పైకి పోలేదు బావా. అప్పే కుంగిపోతంది. లోపల ఎముక గుల్లబారుతంది. పెద్దాసుపత్రికి తీసికెళ్లు."

తీసుకెళ్లలేదు. నొప్పి లేదు కదా అనుకున్నాం. ఆ తప్పు నాది.

వానాకాలంలో ఊట దగ్గర నీళ్ల కుండ తలకెత్తుకుంటూ మా ఆవిడ కూలబడిపోయింది. మళ్లీ లేవలేకపోయింది. డోలీ కట్టి టైడా స్టేషనుకి దించాం. విశాఖపట్నం పాసింజరులో దారంతా నర్సమ్మ తన ఒడిలో ఆమె తల పెట్టుకుని కూర్చుంది. ఫొటో తీసి చూశాక డాక్టరు చెప్పాడు, వెన్నులో ఒక ఎముక నలిగిందని, పోయిన ఎత్తు తిరిగి రాదని, ఉన్నదాన్ని కాపాడుకోవచ్చని. తలమీద బరువు మాత్రం ఇక వద్దన్నాడు.

ఇంటికొచ్చాక చుట్టుపక్కల వాళ్లు, ఇక మంచమే అన్నారు. మా ఆవిడా అదే నమ్మింది. గోడవైపు తిరిగి పడుకునేది. ఆమె ఇక లేవదేమోనని నాకూ భయం.

నొప్పి తగ్గుముఖం పట్టగానే నర్సమ్మ వచ్చి మంచం పక్కన నిలబడింది.

"నువ్వు పడుకుంటే నీ ఎముక కూడా పడుకుంటాది అప్పా. లే."

"పడిపోతే?"

"నాను పట్టుకోనా ఏటి? లే, బేగి."

ఆ రోజు నాలుగడుగులు. గుమ్మం దాకా. ఆ తరువాత వాకిట్లో ఎండలో కూర్చోవడం. రేషను బియ్యం వచ్చాక చోడి అంబలి, అదే రాగి అంబలి, తాగడం నామోషీ అనుకున్నాం; నర్సమ్మ మళ్లీ కాయించింది. ఆకుకూర, ఎండుచేప తినమంది. గడపలో కాలికి తగిలే రాయి నా చేతే తవ్వించింది.

డాక్టరిచ్చిన సున్నం మాత్రలు మాత్రం మా ఆవిడ పొడి చేసి కోళ్లకి వేసేది. గుడ్ల పెంకు గట్టిపడుతోందని మురిసిపోయేది కూడా. నర్సమ్మకి దొరికిపోయింది.

"కోడికి నడుం నొప్పేటి అప్పా?"

అప్పటి నుంచి వచ్చినప్పుడల్లా ఎదురుగా నిలబడి మింగించేది.

ఇక నీళ్లు మిగిలాయి. మా ఊళ్లో నీళ్లు ఆడవాళ్లు తెస్తారు. "మాత్ర నాను ఇస్తాను, నీళ్లు నువ్వు మొయ్యి బావా," అంది నర్సమ్మ. నాకు చచ్చేంత సిగ్గేసింది. కావిడికి రెండు బిందెలు తగిలించి ఊట దగ్గరకి వెళ్తే ఆడవాళ్లందరూ ఒక్కసారి నావైపు తిరిగారు.

"ఏటి మావా, రేపట్నుంచి కోక కూడా కట్టుకుంటావేటి?"

వెనక వస్తున్న నర్సమ్మ అంది: "కడతాడు. మీ మొగుళ్లు కావిడి పట్టిన రోజున విప్పేస్తాడు."

వాళ్లు విరగబడి నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. మరునాటి నుంచి నీళ్లు నావే. ఇప్పటికీ నావే.

కార్డు వచ్చిన మూడో రోజున సాలూరు వెళ్లాం. డోలీ కడతామని పిల్లలన్నారు. మా ఆవిడ వద్దంది. చేతికర్ర పట్టుకుని, రెండు చోట్ల కూర్చుని లేస్తూ, రోడ్డు దాకా తానే దిగింది. చెల్లెలి ఇంట్లో నర్సమ్మ ఫొటోకి దండ వేసి ఉంది. మా ఆవిడ దాని ముందు కర్ర పక్కన పెట్టేసింది. ఒంగిన వెన్ను ఒంగినట్టే ఉంది కానీ గడ్డం పైకెత్తి, కాళ్లు రెండూ నేలకి అదిమి, చేతనైనంత నిటారుగా నిలబడింది.

"సూడు గుంటా, నిలబడ్డాను," అని ఫొటోలోని నర్సమ్మతో అంది.

నర్సమ్మ మీ ఊరి వైపు కూడా తిరిగి ఉంటే, ఆమె ఎవరిని ఎలా లేపిందో, ఎలా తిట్టిందో నాలుగు ముక్కలు నాకు రాయండి. బేగి రాయండి. ఉత్తరం వస్తే చదివి వినిపించమని మా ఆవిడ ఇప్పటికే వాకిట్లో ఎండకి పీట వేసుకుని, దారి వైపు తిరిగి కూర్చుంది.