మారు మగ్దలీనమ్మ

మగ్దలీనమ్మ పంక్తిలో కూర్చుందంటే మారు అడగకుండా లేవదు. ఇసకపాలెంలో ఈ సంగతి తెలియని మనిషి కనిపిస్తే, ఆ పూటే రైలు దిగి వచ్చిన కొత్తవాడని లెక్క. విస్తట్లో మొదటి ముద్ద కలపకముందే ఆమె తల పైకెత్తి, చెయ్యి గాల్లో ఊపి, "ఓరబ్బాయా, మారూ!" అని కేకేస్తుంది. ఆ కేక ఇటు రేవులో వలలు బాగుచేసుకునేవాళ్ళకూ, అటు బోగోలు దారిలో బండ్లు తోలేవాళ్ళకూ వినిపిస్తుందని చెప్పుకునేవాళ్ళు. రెండోసారి వడ్డించమని అడగడానికి మగవాళ్ళే నీళ్ళు నములుతారు. ఇక ఆడది అడిగితే ఊరు ఏడాదిపాటు నవ్వుకుంటుంది. మగ్దలీనమ్మను చూసి ముప్పై ఏళ్ళుగా నవ్వుతోంది. చివరికి ఆమె పేరే మారు మగ్దలీనమ్మ అయిపోయింది. చర్చి పుస్తకంలో కూడా ఎవరో ఒకసారి అలాగే రాసి, తర్వాత నాలుక కరుచుకుని కొట్టేశారట.

అంత తిండిపోతు మనిషి రోలులా ఉంటుందనుకుంటాం. మగ్దలీనమ్మ రోకలిలా కూడా ఉండదు, చీపురుపుల్లలా ఉంటుంది. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఆమె వీధిలోకి వస్తే గంపే నడిచి వస్తున్నట్టుంటుంది.

"తినిందంతా యాడికి పోతుందమ్మే?" అని అరుగుల మీదివాళ్ళు అడిగేవాళ్ళు.

"గొంతులోకే పోతుంది నాయనా. లేకుంటే అంత కేక యాణ్ణించి వస్తుందనుకున్నావు?"

ఆమెకు నెలల పేర్లు రావు. సంవత్సరమంటే ఆమెకు శ్రీరామనవమి పానకం, పీర్ల పండుగ షర్బతు, వినాయకచవితి ఉండ్రాళ్ళు, క్రిస్మసు కజ్జికాయలు, రంజాను సేమ్యాలు, కోత పండుగ అన్నం. రాముడైనా, పీర్లయినా, ప్రభువైనా ఆమెకు పట్టింపు లేదు. ఆకు వేస్తే కూర్చుంటుంది. మిషన్ స్కూల్లో సైన్సు చెప్పే కరుణాకుమారి తన కొడుకు పుట్టిన తేదీ, గంట, నిమిషం, బరువు పౌన్లలోనూ ఔన్సుల్లోనూ రాసి గోడకు అంటించుకుంది. మగ్దలీనమ్మ మాత్రం ఆ బిడ్డను చూడవచ్చి ఒక్క మాటలో తేల్చేసింది: "కజ్జికాయలకు తర్వాత, సేమ్యాలకు ముందు పుట్టినాడు. మంచి రోజులు."

కరుణాకుమారికి ఆ రోజుల్లో కొడుకు తప్ప వేరే లోకం లేదు. ప్రతి ఆదివారం పిల్లవాణ్ణి గుడ్డలో చుట్టి కొట్టు తక్కెడలో తూచేది. రెండు ఔన్సులు తగ్గితే ఆ వారమంతా ఆమెకు అన్నం సహించదు. అన్నం తినకపోతే పాలు తగ్గుతాయని భయం. భయపడితే ఇంకా తగ్గుతాయని ఎక్కడో చదివింది, అందుకని ఇంకా భయపడేది. భర్త తిమోతి రైల్వేలో గుమాస్తా, శాంతమూర్తి. "మనోడు బాగానే ఉన్నాడు గదా" అనేవాడు. "బాగానే అంటే ఎన్ని ఔన్సులు?" అనేది ఆమె.

అలాంటి మనిషికి మగ్దలీనమ్మ కేసు అప్పగించారు.

జరిగిందేమిటంటే, అరవై అయిదులో చర్చి కోత పండుగ ప్రేమవిందుకు అన్నం చాల్లేదు. ఆఖరి పంక్తికి గుండిగ అడుగు గోకి వడ్డించాల్సి వచ్చింది. సంఘపెద్ద క్రీస్తుదాసుగారికి పరువు పోయినంత పనైంది. ఆయన ధారాళమైన మనిషి. దారిన పోయేవాణ్ణి ఇంటికి పిలిచి అన్నం పెట్టే రకం. ఆయన విందులో అన్నం చాల్లేదంటే ఎవరో ఒకరు కారణం కావాలి గదా!

"ఒక్క మనిషి పదిమంది కూడు తింటే ఏ గుండిగ చాలుతుంది? పంక్తిలో ఆమె కేకలకు వడ్డించేవాళ్ళు ఆమె చుట్టూనే తిరగతా ఉండారు" అన్నాడాయన. తర్వాత కరుణాకుమారి వైపు తిరిగి, "అమ్మా, నువ్వు సైన్సు చదివినదానివి. ఏడాదంతా ఆమెను కనిపెట్టి లెక్క రాయి. నీ లెక్క నిజమని చెప్తే, వచ్చే ఏడు ఆమెకు క్యారియర్ ఇంటికే పంపించేద్దాం. పంక్తిలో ఆకు వెయ్యం" అన్నాడు.

ఊళ్ళో పంక్తిలో ఆకు వెయ్యకపోవడమంటే మాటలు కాదు. తప్పు చేసినవాళ్ళకే ఆ గతి. ఆ సంగతి కరుణాకుమారి ఆలోచించలేదు. పిల్లవాడి బరువు కాకుండా తూచడానికి ఇంకొకటి దొరికిందని ఉత్సాహపడి, నోటుపుస్తకంలో గళ్ళు గీసుకుంది. మొదటి గడి "అడిగినవి", రెండో గడి "తిన్నవి".

పరిశోధన శ్రీరామనవమితో మొదలైంది. రాఘవమ్మగారి పందిట్లో గంగాళం నిండా పానకం. నీడలో చోటున్నా మగ్దలీనమ్మ ఎండలో, రోడ్డు అంచున, ఉప్పు కొటార్లలో పనిచేసే ఆడవాళ్ళ మధ్య నిలబడింది. ఎంత తాగేదీ ఎవరికీ కనపడకుండా ఉండటానికేనని కరుణాకుమారి రాసుకుంది.

"రాఘవమ్మా, మారూ!"

"ఏం మగ్దలీనమ్మా, నువ్వు రాముడికి చుట్టానివా?" అని రాఘవమ్మగారు చెంబు పట్టుకుని రోడ్డు దాకా నడిచివచ్చింది.

"రాముడికి కాదబ్బా, బెల్లానికి."

అడిగినవి ఆరు. తిన్నవి గడిలో "తాగినవి" అని దిద్ది, ఒకటి అని వేసింది. వేసి, చూపు ఎక్కడో తప్పి ఉంటుందనుకుంది.

మేలో పీర్ల పండుగ వచ్చింది. దరియావలి షర్బతు కలిపాడు. ఆయన భార్య జైతూన్‌బీ ఆడవాళ్ళందరినీ పెరట్లో కూర్చోబెట్టి కిచిడీ వడ్డించింది. ఈసారి చూపు తప్పకూడదని కరుణాకుమారి మగ్దలీనమ్మ పక్కనే కూర్చుంది. షర్బతు ఏ బావి నీళ్ళతో కలిపారో తెలియక ముట్టుకోలేదు. కిచిడీ మాత్రం పొగలు కక్కుతోంది, కాబట్టి నిర్భయంగా తినవచ్చు. అయితే నాలుగు ముద్దల్లో ఆకు ఖాళీ అయింది. బాలింత ఆకలి మామూలు ఆకలి కాదు. అయినా టీచరమ్మ ఆకు ఖాళీ చేసుకుని చూస్తోందని పిల్లల తల్లులు అనుకోరూ? ఆమె ఖాళీ ఆకులో వేళ్ళు ఆడిస్తూ కూర్చుంది.

"జైతూన్‌బీ, మారూ!"

"ఏందత్తా, ఆకులో పొగలన్నా పోలేదు, అప్పుడే మారా?"

"పొగలు పోయిందాకా ఆగితే గుండిగ ఖాళీ అవుతుంది. బిరీన రా."

జైతూన్‌బీ వంగి గరిటె ఎత్తేసరికి మగ్దలీనమ్మ తన ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టింది. "అబ్బ, నాకింకా ఉండాది గదే! సర్లే, తెచ్చింది ఎనక్కి ఎట్టా తీసకపోతావు, ఈ టీచరమ్మకు పడెయ్యి."

కరుణాకుమారి ముఖం ఎర్రబడింది. వద్దనబోయింది గానీ, అప్పటికే మొదటి ముద్ద నోట్లో ఉంది. ఆ సాయంత్రం పిల్లవాడు కడుపునిండా పాలు తాగి, ఏడవకుండా పడుకున్నాడు. వాతావరణం చల్లబడటం వల్ల అని ఆమె రాసుకుంది.

ఉండ్రాళ్ళు అయ్యాయి, కజ్జికాయలు అయ్యాయి, సేమ్యాలు అయ్యాయి. ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. కోత పండుగకు వచ్చే బియ్యం తక్కువేనని అందరికీ తెలుసు. క్రీస్తుదాసుగారు ఆదివారం ఆరాధన తర్వాత లెక్క చెప్పమన్నాడు. శనివారం మధ్యాహ్నం, పిల్లవాడు నిద్రపోతుండగా, కరుణాకుమారి గళ్ళు కూడింది.

అడిగినవి ముప్పైఒకటి. తిన్నవి ఏడు.

మళ్ళీ కూడింది. అదే ఏడు. పదార్థం ఎక్కడికీ మాయమైపోదని ఆరో తరగతి పిల్లలకు ఆమే బల్ల గుద్ది చెప్తుంది. మరి ఇరవైనాలుగు గరిటెలు ఎక్కడికి పోయాయి? పెన్సిలు చెంపకు ఆనించుకుని ఒక్కొక్క పండుగ తలుచుకుంటూ, మూడో గడి గీసి పేర్లు రాయడం మొదలుపెట్టింది. రోడ్డు అంచున నిలబడ్డ కొటారు కూలీలు అయిదుగురు. పంక్తి చివర ముగ్గురు పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న సైదాబీ. కోడలి ముందు తినడానికి జంకే ఎలిశబెతమ్మ. సంఘపెద్దగారి భార్య సామ్రాజ్యం, మూడుసార్లు. కరుణాకుమారి, పీర్ల పండుగకు ఒకసారి, క్రిస్మసుకు ఒకసారి.

తన పేరు రాశాక పెన్సిలు ఆగిపోయింది. పిల్లవాణ్ణి చంకనేసుకుని, ఎండలో మగ్దలీనమ్మ ఇంటికి నడిచింది.

మగ్దలీనమ్మ పుస్తకం వైపు చూడనైనా చూడకుండా, ఆరబోసిన చేపలు తిరగేస్తూ విన్నది.

"రోజూ గంప దించే ఇళ్ళు. ఏ ఇంట్లో పొయ్యి ఎన్నిసార్లు రాజుతుందో నాకు తెలీదా? వాళ్ళు అడగరు, వడ్డించేవాళ్ళు చూడరు. వాళ్ళ ఆకుల ముందుకు గరిటె రావాలంటే ఎవురో ఒకరు అరవాల గదా?"

"రేపు ఈ పేర్లు చదివేస్తాను పెద్దమ్మా. నీకు పంక్తిలో ఆకు ఎట్లా వెయ్యరో చూస్తాను."

మగ్దలీనమ్మ చటుక్కున తలెత్తింది. "చదివినావంటే నీ గడప తొక్కను. ఆ పేర్లు బైటపడితే వాళ్ళు మళ్ళా పంక్తిలో కూచుంటారా? నన్ను చూసి నవ్వితే నాకేం తరగదు, ముప్పై ఏళ్ళ అలవాటు. వాళ్ళు ఓర్చుకోలేరు. క్యారియర్ పంపితే పంపనీ." కాసేపు చేపలు తిరగేసి, "కూర గిన్నె మాత్రం పెద్దది పెట్టమను" అంది.

మర్నాడు చర్చి చాపల మీద మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క కూర్చున్నారు. మగ్దలీనమ్మ గుమ్మం దగ్గర కూర్చుని కరుణాకుమారి వంక ఉరిమి చూస్తోంది.

"అడిగింది ఎన్నిసార్లమ్మా?" అన్నాడు క్రీస్తుదాసుగారు.

"ముప్పైఒకటి."

"విన్నారా! నేను చెప్పలా?"

"తిన్నది ఏడు."

"మరి మిగతా ఇరవైనాలుగు?" అన్నాడాయన.

పేర్లు చదివితే ముసలామెకు పంక్తిలో ఆకు నిలుస్తుంది, కానీ ముసలామె ముప్పై ఏళ్ళుగా దాచిందంతా పోతుంది. చదవకపోతే క్యారియరే. గుమ్మం దగ్గర్నుంచి మగ్దలీనమ్మ వద్దని తలాడిస్తోంది. ఆ పుస్తకంలో తాను చదవగలిగే పేరు ఒక్కటే ఉంది.

"రెండు నేను తిన్నాను" అంది. "బిడ్డతల్లిని. ఆకలేసింది. అడగడానికి సిగ్గేసింది. ఆమె పిలిస్తే వడ్డన వచ్చింది. మిగతా లెక్క నేను చెప్పను."

తిమోతి భార్య వైపు నోరు తెరుచుకుని చూశాడు. ఎవరూ నవ్వలేదు. అంతలో ఆడవాళ్ళ వరసలోంచి తాపీగా ఒక గొంతు వచ్చింది.

"మూడు నేను తిన్నా." సామ్రాజ్యం!

క్రీస్తుదాసుగారి కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. "ఏందీ? మనింట్లో అన్నం లేకనా?"

"ఎందుకుండదు? ఉంటుంది. మీరు పిలుచుకొచ్చిన చుట్టాలు లేచిందాకా ఉంటుంది."

చర్చి కప్పు ఎగిరిపోయేట్టు నవ్వారు. ఆ నవ్వులో ఎలిశబెతమ్మ "నాదొకటి" అంది. కోడలు "అయ్యో అత్తా!" అంది. ఇంకెవరో రెండన్నారు. ఆ వెనక ఒకరి తర్వాత ఒకరు అందుకున్నారు. కరుణాకుమారి కూడుకుంటూ పోతే లెక్క ముప్పై దాటింది. కూలీలూ సైదాబీ ఈ చర్చిలోనే లేరు, వాళ్ళను ఇంకా కలపనే లేదు. పుస్తకానికెక్కని గరిటెలు చాలానే ఉన్నాయన్నమాట.

క్రీస్తుదాసుగారు కళ్ళజోడు తుడుచుకుని, గొంతు సవరించుకుని, "గుండిగ ఇంకో పెద్దది తెప్పించండి" అన్నాడు. తర్వాత భార్య వైపు చూడకుండానే, "ఇంట్లోకి కూడా" అన్నాడు.

బయటికి వస్తూ మగ్దలీనమ్మ కరుణాకుమారి జబ్బ మీద గట్టిగా గిల్లింది. "ముప్పై ఏళ్ళ పేరు ఒక్క పూటలో చెడగొట్టినావు గదే, పాపిష్టిదానా!" అని, ఆ చేత్తోనే పిల్లవాడి బుగ్గ నిమిరింది.

బియ్యం తక్కువైన ఏడు కాబట్టి, కోత పండుగకు కరుణాకుమారే మనిషి మనిషికీ లెక్క కట్టింది. సిగ్గుపడేవాళ్ళకు మూడు గరిటెలు, బాలింతలకు నాలుగు, మగ్దలీనమ్మకు రెండు. ఏడాది పరిశోధన ఉండగా ఆ రెండు తప్పే ప్రసక్తే లేదు.

పంక్తి కూర్చుంది. అందరూ కేక కోసం చెవులు రిక్కించారు. కేక రాలేదు. కాసేపటికి సామ్రాజ్యం "ఇటు కాస్త అన్నం" అంది. ఎలిశబెతమ్మ "ఇటు కూడా" అంది. తర్వాత ఆ వరసంతా పిల్లల బడిలా ఒకటే గోల. తిమోతి అన్నం గంప మోసుకుని పరుగులు పెట్టాడు. మగ్దలీనమ్మ మాత్రం తల వంచుకుని తింటోంది. తిమోతి ఆమె ఆకు ఖాళీగా ఉండటం చూసి వడ్డించాడు. ఇంకోసారి చూశాడు, ఇంకోసారి వడ్డించాడు. అయిదో గరిటెకు అతను భార్య వంక బెదురుగా చూశాడు.

కరుణాకుమారి ఉండబట్టలేక దగ్గరికి వచ్చి వంగింది. "పెద్దమ్మా, ఏడాదంతా కళ్ళల్లో వత్తులేసుకుని చూశాను. నువ్వు ఏనాడూ రెండు గరిటెలు దాటలేదు గదా!"

మగ్దలీనమ్మ పప్పుచారు పోసిన అన్నం మధ్య గుంట చేసుకుంటూ తలెత్తకుండానే జవాబిచ్చింది.

"ఇన్నాళ్ళూ పిలిచేదానికే సరిపోయింది బిడ్డా. తినేదానికి తీరికేదీ?"