తాళంచెవికి కట్టిన ఎర్ర పీలిక

మొన్న వానలో నారాయణగూడ సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే పక్కకు ఒక పాత తెల్ల కారు వచ్చి నిలిచింది. చూడకముందే విన్నాను. అడుగున సైలెన్సర్ గొట్టం చిల్లుపడిన కారు పెద్దగా అరవదు, జలుబు చేసిన మనిషిలా బుసబుసలాడుతుంది. ఆ వెంటనే పచ్చి పొగ వాసన. మా కారులో స్టీరింగ్ పట్టుకుని కూర్చున్న కొత్త విద్యార్థిని నా ముఖం చూసి, "ఏమైంది మేడం, నేనేమన్న తప్పు చేసిన్నా?" అని అడిగింది. లేదన్నాను. పక్క కారు అద్దాలన్నీ బిగించి ఉన్నాయి. వెనక సీట్లో ఒక చిన్నపిల్ల తల వాల్చి నిద్రపోతోంది. నాకు వసుంధర గారు గుర్తొచ్చారు.

వసుంధర గారు చిక్కడపల్లి సందులో ఆడవాళ్ళ కోసం డ్రైవింగ్ స్కూలు నడిపేవారు. స్కూలంటే ఒక గది, ఒక కారు, ఆవిడ. నేను పాలమూరు వైపు నుంచి ఉద్యోగ పరీక్షల కోచింగ్ కోసం వచ్చి అశోక్ నగర్ హాస్టల్లో ఉండేదాన్ని. నోటిఫికేషన్ ఇవాళ వస్తుంది, రేపు వస్తుందని చదివినవే మళ్ళీ చదివి విసుగెత్తి, ఆవిడ దగ్గర కారు నేర్చుకున్నాను. చేయి కుదిరాక, "మిగతావాళ్ళకు నువ్వు నేర్పకూడదూ?" అన్నారు. "నోటిఫికేషన్ వచ్చేదాకనే మేడం" అన్నాను. "సరేనమ్మాయ్, వచ్చేదాకానే" అని నవ్వారు. వాళ్ళది తెనాలి వైపు. నగరానికి వచ్చి ఎన్నేళ్ళయినా ఆ మాట మారలేదు. చీర కొంగు నడుముకు బిగించి, ఎవరిదో పాత పెళ్ళి ఫ్లెక్సీ నేల మీద పరిచి కారు కిందకు దూరిపోయేవారు. వధూవరుల ముఖాల మీద పడుకుని "టార్చి ఇటు కొట్టు" అని కేకేసే పెద్దావిడను చూడటానికి సందులోవాళ్ళు కిటికీల్లోకి వచ్చేవారు.

ఆ ఏడు వానలకు అశోక్ నగర్లో నాలా పొంగి రోడ్డు మునిగింది. నీళ్ళలో కనిపించని రాయి ఒకటి మా కారు కడుపును గీరింది. అప్పటికే తుప్పు పట్టిన సైలెన్సర్ గొట్టం చిల్లుపడింది, దాన్ని పట్టి ఉంచే కొక్కెం కూడా తెగింది. మేము నమ్మిన వెల్డింగ్ ఆయన ఊరికి పోయాడు. మా విద్యార్థినులకు లైసెన్సు పరీక్షలు దగ్గరపడ్డాయి. ఇంకొకరైతే నెత్తీ నోరూ కొట్టుకునేవారు. ఆవిడకు మాత్రం కొత్త పొడుపుకథ దొరికినట్టయింది.

"సబ్బు నీళ్ళు తీసుకురా అమ్మాయ్."

"కారు కడుగుతరా మేడం?"

"కాదు. చిల్లెక్కడుందో దాన్నే చెప్పనిద్దాం."

పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి, గొట్టం పొడుగునా బ్రష్‌తో సబ్బు నీళ్ళు పూశారు. ఒకచోట బుడగ లేచింది. దాని పక్కన ఇంకోటి. "ఒకటనుకున్నాం కదా, రెండున్నాయి" అని సంబరపడ్డారు. ఇంజిన్ ఆపించి, గొట్టం పూర్తిగా చల్లారాక వైర్ బ్రష్‌తో తుప్పు గీకి, కూల్‌డ్రింక్ డబ్బా రేకు కత్తెరతో కోసి, సైలెన్సర్ పేస్టు మెత్తి, రేకును గొట్టం చుట్టూ తిప్పి రెండు వైపులా క్లాంపులు బిగించారు. కొక్కేనికి ఇనుప తీగ చుట్టబోతే అది జారిపోతూ ఉంది. "అట్ల కాదు మేడం, ఇటియ్యండి" అని నేను దూరాను. మా నాన్న ఈ నగరంలోనే కట్టడాల దగ్గర రాడ్లు కట్టే పని చేశాడు. తీగను రెండు పేటలుగా మడిచి మెలిపెట్టడం నా కళ్ళకు అలవాటే. ఆవిడ కాసేపు చూసి, "విప్పి మళ్ళీ కట్టు, నాకు అర్థం కాలేదు" అన్నారు. మళ్ళీ కట్టాను. "మీ నాన్న నేర్పారా?" "నేర్పలే మేడం. పక్కన కూసొని చూసిన." ఆ మాట ఆవిడకు ఎంత నచ్చిందో. ఆ రోజంతా వచ్చినవాళ్ళందరికీ చెప్పారు. చిన్నప్పుడు బడిలో నాన్న పని చెప్పడానికి నామోషీపడ్డదాన్ని, ఆ రోజు గర్వపడ్డాను.

పని అక్కడితో అయిపోలేదు. పాత ఎర్ర లంగా నుంచి ఒక పీలిక చింపి తాళంచెవికి ముడివేశారు. మా స్కూల్లో సగం బాగైన ప్రతి వస్తువుకూ ఆ పీలిక ఉండేది. కారే కుళాయికి, కాలు ఊగే కుర్చీకి కూడా. "ఇదేంటండీ, మొక్కా?" అని ఎవరైనా అడిగితే, "మొక్కు కాదండీ, మతిమరుపు" అనేవారు. తాళంచెవికి పీలిక ఉన్నన్నాళ్ళూ వాన వచ్చినా, ఎండ కాసినా కారు అద్దాలు దించే ఉండాలి. పూర్తిగా బాగు చేయించినవాళ్ళే పీలిక విప్పాలి. "వాసన వచ్చే పొగతో భయం లేదమ్మాయ్, ముక్కు చెప్తుంది. దానితోపాటు వాసన లేనిది ఇంకోటి వస్తుంది, అది మనిషిని నిద్రపుచ్చి తీసుకుపోతుంది" అని నాతో అన్నారు. వెల్డింగ్ ఆయన రావడం ఆలస్యమవుతూ పోయింది. వానలో అద్దాలు దించుకుని తడుస్తూ పోతుంటే అడిక్‌మెట్ రోడ్డు మీద జనం మమ్మల్ని చూసి నవ్వేవారు. మేమూ నవ్వుకునేవాళ్ళం.

దసరాకు నేను ఊరికి వెళ్ళి వచ్చాను. కారు అద్దంలా మెరుస్తోంది. ముందు బంతిపూల దండ, తాళంచెవికి పసుపు, కుంకుమ. పీలిక లేదు. పండగ లోపల వెల్డింగ్ అయిపోయిందనుకున్నాను. వసుంధర గారు బజారుకు వెళ్ళారు. పాఠానికి వచ్చిన పద్మక్కను ఎక్కించుకుని బయల్దేరాను. పద్మక్క బర్కత్‌పురలో ఉండే టీచరు, నెమ్మదస్తురాలు. కాసేపటికి వాన పట్టుకుంది. ఇన్నాళ్ళకు అద్దాలు ఎత్తుకునే భాగ్యం కలిగిందని ఇద్దరం మురిసిపోయాం. వాళ్ళ ఇంటి దగ్గరి మలుపులో ఆమె చేతులు స్టీరింగ్ మీద మెత్తబడ్డాయి. "సుజాతా, తల తిప్పుతున్నదే" అంది. నాకూ కణతల్లో అప్పటికే సుత్తి పోట్లు. పొద్దున తినలేదని సరిపెట్టుకున్నాను. ఆమె తల ముందుకు వాలడం చూశాక పొగ సంగతి తట్టింది. నా వైపు బ్రేకు తొక్కి, ఇంజిన్ ఆపి, ఆమెను చంకల కింద పట్టుకుని వానలోకి లాగాను. మూసి ఉన్న ఒక దుకాణం మెట్ల మీద కూలబడ్డాం. ఆమె వాంతి చేసుకుని, కళ్ళు తెరిచి, "పిల్లలు బడి నుంచి వచ్చే టైమయింది" అంది. అప్పుడు ఏడుపొచ్చింది నాకు.

ఫోన్ చేస్తే వసుంధర గారు ఆటోలో వచ్చారు. కారు వైపు చూడలేదు. మా ఇద్దరి ముందూ ఒంగి, "ఊపిరి బాగా ఆడుతోందా?" అని అడిగారు. పద్మక్కను ఆసుపత్రిలో చూపించి, డాక్టరు తేలిక పడిందన్నాక, ఆమె భర్త ఎదుటే చెప్పారు. "తప్పు నాదండీ. ఆయుధ పూజకు అమ్మవారి ముందు మురికి గుడ్డ ఎందుకని నేనే విప్పాను. మళ్ళీ కట్టడం మరిచిపోయాను. పైపు నీళ్ళతో కడిగించానుగా, పట్టీ వదులైనట్టుంది." ఆయన కోపంగా చాలా అన్నారు. బయటకు వచ్చాక నాతో, "మురికిగా ఉందని సిగ్గుపడ్డానమ్మాయ్. దేవుడికి తెలియనిదా?" అన్నారు. వెల్డింగ్ అయ్యేదాకా కారు కదల్లేదు. పద్మక్క పాఠాలకు మళ్ళీ రాలేదు.

మరుసటి దసరాకు కారు బాగానే ఉంది గానీ కుళాయి కారుతూనే ఉంది. పూజలో ఆవిడ కారుకు బొట్టు పెట్టి, వంటింట్లోకి నడిచి, కుళాయికి కట్టిన ఆ మాసిన పీలికకూ కుంకుమ అద్దారు. నోటిఫికేషన్ వచ్చింది, పరీక్ష రాశాను, ఉద్యోగం రాలేదు. ఫలితాల మర్నాడు స్కూలుకు వెళితే ఆవిడ తాళంచెవి నా చేతిలో పెట్టారు. ఇప్పుడు ఆవిడ లేరు. స్కూలు నేనే నడుపుతున్నాను. నా బల్ల సొరుగులో ఎర్ర లంగా ముక్క ఇంకా కొంచెం మిగిలే ఉంది.

నారాయణగూడలో సిగ్నల్ ఇంకా ఎర్రగానే ఉంది. విద్యార్థినిని హ్యాండ్‌బ్రేక్ వేయమని చెప్పి వానలోకి దిగి, ఆ తెల్ల కారు అద్దం తట్టాను. నడిపే ఆయన కొంచెమే దించాడు.

"ఏమైందక్కా?"

"అన్నా, నీ సైలెన్సర్ చిల్లుపడ్డది. పొగ లోపటికి వస్తది. అద్దాలన్ని దించు."

"వాన పడుతుంది కదక్కా. పాప పండుకుంది."

"ఎంతసేపాయె పండుకొని?"

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. నాలుగు అద్దాలూ దిగాయి. సిగ్నల్ మారింది, వెనక హారన్లు మొదలయ్యాయి. నేను కదల్లేదు. వెనక కిటికీలోంచి చేయి పెట్టి పిల్ల చెంప తట్టాను. "బిడ్డా, ఊపిరి మంచిగ ఆడుతుందా?" అన్నాను. ముఖం మీద వాన పడి ఆ పిల్ల కళ్ళు తెరిచింది. కొత్త మనిషిని చూసి బెదిరి, హారన్లన్నీ మునిగిపోయేలా ఏడుపు లంకించుకుంది.