పెదనాయన ఊడదీసిన గోడలు

మా పెదనాయన పోయారని పోయిన నెల ఒక పొద్దున ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. "నిజమేనా?" అని రెండుసార్లు అడిగాను. ఆమె నొచ్చుకోలేదు. వాళ్ళ నాన్న దగ్గర తొమ్మిదేళ్ళు పని నేర్చుకున్నదాన్ని, ఏదీ ఒక్కమాటకు నమ్మనని ఆమెకు తెలుసు.

వరసకు ఆయన నాకేమీ కారు. ఉప్పళంలో మా పక్కిల్లు. సారం అనే పేటలో ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో పెద్ద డ్రాఫ్ట్స్‌మన్. నన్ను అక్కడ చేర్చిందీ ఆయనే. అనుమానం ఆయనతోనే పుట్టింది. గేటు గడియ వేసి, నాలుగడుగులు నడిచి, వెనక్కొచ్చి లాగి చూసేవారు. పెళ్ళికి వెళ్తే వధూవరుల కంటే ముందు మండపం పైకప్పులో చెమ్మ మరకలు వెతికేవారు.

ఆయనకు అన్నిటికన్నా అనుమానం రెండు వాలు కప్పులు కలిసే మూల మీద. కంప్యూటర్లో గోడను కప్పుకు అంటించమంటే, అది పైకి లేచి వాలుకు తగ్గట్టు ఆగుతుంది. ఒకే గోడ మీదికి రెండు కప్పులు వచ్చినచోట మాత్రం ఒకదానికి అంటుకుని, రెండోదాని కింద జానెడు సందు వదిలేస్తుంది. బయటినుంచి చూస్తే ఇల్లు చక్కగానే ఉంటుంది.

"బొమ్మ బాగుండాదని నమ్మొద్దు మా. కోసి చూడు" అనేవారు. కోయడమంటే ఆ మూల మీదుగా సెక్షన్ గీత పెట్టి లోపల చూడడం. "వానకు నీ బొమ్మతో పనేంది? సందు యాడుండాదో దానికి తెలుసు."

చేరిన రెండో నెలలో వింత మొదలైంది. సాయంత్రం నేను అంటించి వెళ్ళిన గోడ పొద్దునకు ఊడి ఉండేది. ఎప్పుడూ ఒక్కటే, అదీ బయటికి కనబడని చోట. మొదట నా మతిమరుపు అనుకున్నాను. మూడోసారి ఒళ్ళు మండింది. నా తర్వాత ఆఫీసులో ఉండేది పెదనాయన ఒక్కరే. నాకు చెడ్డపేరు తెచ్చి పంపించెయ్యాలనా? మరి చేర్చడమెందుకు? ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టుకుందామనుకున్నాను. ఒక సాయంత్రం వీధి మలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చాను. ఆయన నా కుర్చీలో కూర్చుని ఉన్నారు, నా ఫైలు తెరిచి.

"ఏం చేస్తా ఉండారు పెదనాయనా?"

ఆయన తడబడలేదు. "గోడ ఊడదీస్తా ఉండా. రేపు నువ్వు చూస్తావా, లేదా అని."

"నా మింద నమ్మకం లేదా?"

"నువ్వు ఈ కంప్యూటర్ పెట్టిని నమ్ముతావేమోనని నాకు అనుమానం మా."

పది రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఇప్పుడు సిగ్గేస్తోంది. ఆ గోడ నాకు దొరకని రోజు ప్రింటు ఆపి, "ఇంగోసారి చూడు" అనేది ఆయనే. తప్పుతో ఒక్క ప్లానూ సైటుకు పోనివ్వలేదు. తర్వాత్తర్వాత అది మా ఇద్దరి అలవాటైంది. పొద్దున్నే కాఫీకి ముందే ఊడిన గోడను వెతికి చూపించేదాన్ని. "శరి" అనేవారు. నీ పని మీద నాకు నమ్మకముంది అని మాత్రం ఒక్కరోజూ అనలేదు. నాకు కావలసింది ఆ ఒక్కమాటే.

ఆయన చదివింది తమిళ బడిలో, ఇంట్లో తెలుగే మాట్లాడినా తెలుగు చదవడం రాదు. ఇది చదివి వినిపించి ఉంటే మధ్యలో ఏదో దాటేశానని అనుకునేవారు.

కర్మ అయ్యాక ఆఫీసుకు వెళ్ళి, పిళ్ళైచావడిలో సముద్రం పక్కన కట్టబోయే ఇంటికి నేను గీసిన ఫైలు తెరిచాను. మూడు కప్పులు కలిసే ఇల్లు. చివరిగా సేవ్ చేసింది ఆయనే, ఆస్పత్రిలో చేరే ముందు సాయంత్రం. అన్ని మూలలూ కోసి చూశాను. ప్రతి గోడా కప్పును తాకే ఉంది. తెరిచి, చూసి, దేన్నీ ముట్టుకోకుండా మూసేశారన్నమాట. చివరికి నన్ను నమ్మారని కాసేపు ఏడ్చాను.

కళ్ళు తుడుచుకున్నాక అనుమానమొచ్చింది. నమ్మారా, లేక ఈసారి నాకు దొరకని చోట దాచారా? సెక్షన్ గీతను మళ్ళీ సముద్రం వైపు గోడ దగ్గర పెట్టి, జానెడు జానెడుగా ఇంట్లోకి జరపడం మొదలుపెట్టాను.