మా ఇంటి హాల్లో పోలీసు

మా కోడలు ఫ్రెంచి పోలీసుల ట్రాఫిక్ సైగల పుస్తకాన్ని ఇంగ్లీషులోకి మారుస్తోంది. ఒక సైగ అర్థం కాలేదని పని ఇచ్చినవాళ్లు ఆమె రాసిందాన్ని రెండుసార్లు వెనక్కి పంపారు. మూడోసారీ వస్తే పని ఇంకొకరికి ఇచ్చేస్తారట.

రెండో తరగతిలో బడి మానేసినా బుర్ర మానెయ్యలేదుగా నేను. మావాణ్ణి హాల్లో పోలీసులా నిలబెట్టాను. "నేనే కారుని. రాసింది తెలుగులో చదువు, అమ్మాయ్."

"పోలీసు రెండు చేతులూ పక్కలకి చాపితే వాహనాలు ఆగాలి."

వాడు చేతులు చాపాడు. వాడి కుడిచేతి వైపునుంచి కాఫీ గ్లాసుతో వస్తున్నదాన్ని, ఆగిపోయాను.

"మీరు వెళ్లొచ్చు అత్తయ్యా. ఎదుటా వెనకా ఉన్నవాళ్లే ఆగాలి."

"అది నీ మనసులో ఉంటే కారువాడికెలా తెలుస్తుంది? రాయి."

నవ్వుకుంటూ రాసి పంపింది. గంటలో ఒప్పుకున్నామని జవాబొచ్చింది. మావాడు అప్పటికీ చేతులు చాచుకునే ఉన్నాడు.

"దించనా అమ్మా?"

"మీ ఆవిడ ఇంకా దించే పేజీకి రాలేదురా."