పిల్లలకి చెప్పకుండా మార్చిన ఇల్లు

ఒడిశాలోని మునిగుడలో ఇల్లు ఖాళీ చేసిన రోజున మా పిల్లలిద్దరూ పార్వతీపురంలో మా అమ్మ దగ్గరున్నారు. కావాలనే పంపేం. ఒకపక్క మూటలు కట్టుకుంటూ, మంచాలు విప్పుకుంటూ ఉంటే, తొమ్మిదేళ్లదొకటీ నాలుగేళ్లదొకటీ కాళ్లకి అడ్డం పడితే పని సాగదు. పైగా బయల్దేరేటప్పుడు ఏడుస్తారు. అందుకని సామానంతా సునాబెడ చేరి, గేసు పొయ్యి వెలిగి, పక్కలు పరిచేక పిల్లల్ని తిన్నగా కొత్తింటికే తెచ్చుకున్నాం. ఎంత తెలివైనవాళ్లమో అని ఇద్దరం మురిసిపోయేం కూడాను.

మా ఆయన అంతవరకూ ఒక రైసుమిల్లులో మిషన్లు చూసుకునేవారు. సునాబెడలో విమానం ఇంజన్ల ఫ్యాక్టరీలో ఉద్యోగమొచ్చింది, దాంతోపాటు క్వార్టరూ వచ్చింది. మునిగుడలో మాది ఒక ఒడియా ఆవిడ ఇంట్లో వెనక వాటా. వానొస్తే ఓ మూల కారేది, నీళ్లకి పెరట్లో బోరింగు కొట్టుకోవాలి. ఇక్కడ కుళాయి తిప్పితే నీళ్లు, ఇంటి ముందు తారు రోడ్డు. నాకైతే పండగే. పిల్లలకి మాత్రం పండగ కాదని మూడో రోజునే తెలిసింది.

క్వార్టర్లన్నీ ఒక్కలాగే ఉంటాయి. మా చిన్నది ఆడుకుని వస్తూ వెనక వరసలో ఎవరింట్లోకో పోయి, చెప్పులు విప్పి, వంటింట్లో చతికిలబడి "అన్నం" అందట. ఆ ఇంటావిడది బీహారు. తెలుగు రాకపోయినా ఆ మాట అర్థమైపోయింది. నేను వీధంతా వెతుక్కుని వెళ్లేసరికి మా పిల్ల పప్పులో ముంచుకుని రెండో రొట్టె తింటోంది.

"ఇది మనిల్లు కాదే!" అన్నాను.

"అది మాత్రం మనిల్లేటి?" అంది నోట్లో రొట్టెతో.

ఆవిడా నేనూ నవ్వుకున్నాం గానీ, దారంతా నాకా మాటే చెవిలో తిరిగింది.

పెద్దది అలా కాదు. నోరు విప్పదు. దాని పుస్తకాలూ బట్టలూ ఉన్న అట్టపెట్టె మంచం కిందే ఉంచుకుంది. రోజూ పొద్దున కావలసినవి తీసుకుంటుంది, సాయంత్రం మళ్లీ అందులోనే పెట్టేస్తుంది. బీరువాలో దానికోసం ఒక అర ఖాళీ చేసేను. కొత్త కర్టెన్లు కొన్నాను. పకోడీలు వేసి చుట్టుపక్కల పిల్లల్ని పిలిచేను. పిల్లలొచ్చి పకోడీలు తినేసి పోయేరు. మా పిల్ల కిటికీ దగ్గరే కూచుంది.

అలా నెలన్నర గడిచింది. ఒక ఆదివారం నేను చిక్కుడుకాయలు తుంచుతుంటే వచ్చి పక్కన కూచుంది.

"అమ్మా, మునిగుడలో మన వాటాలోకి ఎవరైనా వచ్చేరేటి?"

"ఎవరో బేంకాయనట. వాళ్లకీ ఒక పాప ఉందట."

అంతే. చేతిలో చిక్కుడుకాయ విసిరికొట్టింది.

"మమ్మల్ని ఊరికి పంపీసి ఇల్లు ఒగ్గేసి వచ్చీసేరు మీరు! నాకో మాటైనా సెప్పేరా? మౌసికి ఎల్లొస్తానని నాను సెప్పనేదు. ఎవలికీ సెప్పనేదు!"

మౌసి అంటే మా ఇంటి ఓనరావిడ. ఒడియాలో పిన్నిని అలా పిలుస్తారు. మా పిల్లలిద్దరూ ఆవిడ ఒళ్లోనే పెరిగేరు. సునాబెడ వచ్చేక పెద్దది ఏడవడం అదే మొదలు. వెక్కి వెక్కి ఏడ్చింది. దాన్ని దగ్గరకి లాక్కుని, "తప్పు మాదేనే అమ్మి" అన్నాను.

ఒకసారి మునిగుడ తీసుకెళ్దామని మా ఆయనతో అంటే ఆయన ఒప్పుకోలేదు. "ఇప్పుడిప్పుడే సర్దుకుంటోంది. ఆ ఇల్లు చూస్తే మళ్లీ మొదటికొస్తాది" అన్నారు.

"సర్దుకోడమేటండీ, పెట్టె విప్పందే?" అన్నాను. ఆయన సెలవు పెట్టేరు.

కొరాపుట్ దాకా బస్సు, అక్కణ్ణించి రైలు. సొరంగం వచ్చినప్పుడల్లా మా చిన్నది కేకలు వేస్తే పెట్టెలో జనమంతా వంత పాడేరు. రాయగడలో మా ఆడపడుచు ఇంట్లో పడుకుని, మర్నాడు పొద్దున్నే మునిగుడ చేరేం.

మౌసి మమ్మల్ని చూస్తూనే పిల్లల్నిద్దర్నీ చెరో చంకా ఎత్తుకోబోయింది. పెద్దది ఎత్తుకునేంత చిన్నది కాదని అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి. నావైపు తిరిగి, పిల్లల్ని తనకి చూపించకుండా తీసుకుపోతారా అని ఒడియాలో చెడామడా తిట్టింది. తలొంచుకుని పడ్డాను.

వెనక వాటా గుమ్మంలో ఏడేళ్ల పిల్ల అడ్డంగా నిలబడి మమ్మల్ని ఎగాదిగా చూసింది. వాళ్లమ్మ లోపలికి రమ్మంది. నీలం గోడలు గులాబీరంగులోకి మారిపోయేయి. మా పెద్దది గది మధ్యన నిలబడి నాలుగు పక్కలా చూసింది. ఇంక ఏడుస్తుందని నేను కొంగు సిద్ధం చేసుకుంటున్నాను.

"ఈ మూల మంచం వెయ్యకూడదు, వానొస్తే కారుతాది" అంది ఆ పిల్లతో ఒడియాలో. "కిటికీ గడియ పైకెత్తి తొయ్యాలి, లేపోతే వేలు నలిగిపోతాది. మధ్యాహ్నం పిల్లి వస్తాది, దాన్ని కొట్టకు."

ఆ పిల్ల తలాడిస్తూ దాని వెనకే తిరిగింది. మంచం సరిగ్గా ఆ మూలే ఉంది మరి! మా ఆయనా, ఆ బేంకాయనా చెరో పక్కా పట్టి అవతలి గోడకి జరిపేరు. మంచంకోడు పట్టుకుంటానని చిన్నది కూడా ఒక చెయ్యి వేసింది.

తరవాత పెద్దది పెరట్లోకి వెళ్లి బోరింగుకీ, జామచెట్టుకీ, మెట్లకీ ఒక్కొక్కదానికీ చెయ్యి ఆనించి "ఎల్లొస్తాను" అని చెప్పింది. చిన్నది అక్కని చూసి కోడికీ, తడిబట్టలకీ, పక్కింటి తాతగారికీ చెప్పింది. మౌసి మామిడి తాండ్ర పొట్లం చేతిలో పెడుతుంటే ఆవిడ చేతులు పట్టుకుని నేనూ వెళ్లొస్తానని చెప్పేను. కొత్తింటి హడావిడిలో ఎనిమిదేళ్ల ఇంటికి నేను కూడా సరిగ్గా చెప్పి రాలేదు.

తిరిగొచ్చేక ఒక్క రోజులో అంతా మారిపోయిందని చెప్పను. వారం తరవాత ఒక సాయంత్రం పెద్దది అట్టపెట్టె తనే విప్పింది. ఆ మర్నాడే గది మధ్యన సుద్దముక్కతో గీత గీసి చెల్లెల్ని దాటనివ్వలేదు. ఇద్దరూ జుట్లు పట్టుకున్నారు. ఆ గోల వింటూ నేను నిమ్మళంగా టీ తాగేను.

మొన్నటేడు మాకు రెండు వీధులవతల కొంచెం పెద్ద క్వార్టరిచ్చేరు. ఈసారి కాగితం చేతికందిన రోజునే పిల్లలకి చెప్పి, తాళం కూడా పెద్దదాని చేతికిచ్చేం. అది ముందెళ్లి గదులన్నీ చూసి, పంపకాలు చేసేసి వచ్చింది. పెరటి వైపు గాలొచ్చే గది వాళ్లిద్దరికీ. రోడ్డు వైపు ఇరుకు గది మాకు.

"మీరిద్దరే కదా, సర్దుకోండి" అంది.

సర్దుకున్నాం.