పెద్దమ్మ గదికి తాళం వేస్తే

ఆమెను ఆఫీసులో అందరూ లెక్కలక్క అనేవారు. నగర ఆరోగ్య శాఖలో ఆమె పని రోగం నయం చేయడం కాదు, అది రేపు ఎటు పాకుతుందో కంప్యూటరులో లెక్క కట్టడం. "జోస్యం చెప్పే ఉద్యోగం" అని భర్త ఆటపట్టించేవాడు.

ఆ ఏడు నగరంలోని ఒక మిల్లు వెనక, కూలీలుండే ఇరుకు గదుల వరసల్లో పిల్లలకు తట్టు సోకింది. జనం కిక్కిరిసిన మొదటి వరసలోనే అది చెలరేగుతుందని ఆమె లెక్క చెప్పింది. తీరా చూస్తే రోగం ఆ వరసను వదిలేసి చివరి వరసలో పడింది. అక్కడినుంచి ఒకదానికొకటి సంబంధంలేని ఇళ్లలో తేలింది. లెక్క తప్పిందన్న చిన్నతనం కన్నా, ఎందుకు తప్పిందన్న కుతూహలమే ఆమెను కుదురుగా కూర్చోనివ్వలేదు. చెప్పులేసుకుని తానే వెళ్లింది.

చివరి వరసలో ఒక గది ఉంది. వేర్వేరు ఇళ్లలోంచి మిల్లుకెళ్లే తల్లులు పిల్లల్ని అక్కడే దింపుతారు. చూసుకునేది అందరూ పెద్దమ్మ అని పిలిచే ముసలావిడ. ఒకే చాప మీద ఒకరి మీద ఒకరు కాళ్లేసుకుని పిల్లలు నిద్రపోతున్నారు. తాను మనుషుల్ని లెక్కపెట్టిందే గానీ, ఎవరు ఎవరితో రోజంతా గడుపుతారో చూడలేదని ఆమెకు అర్థమైంది.

"నా గది మూయించడానికొచ్చావా?" అంది పెద్దమ్మ, ఆమె ఆరోగ్య శాఖ మనిషని తెలిసి బెదురుగా.

"తెలీదు పెద్దమ్మా. తెలుసుకుందామనే వచ్చా."

సంగతి వినగానే ఆరోగ్యాధికారి, "ఇంకేం, దొంగ దొరికాడు. తాళం వేయించేద్దాం" అన్నాడు.

"వేస్తే పిల్లలు ఎక్కడికెళ్తారు సార్?"

ఆ ప్రశ్న పట్టుకుని ఆమె మిల్లు గేటు దగ్గర తల్లుల్ని అడిగింది. ఒకామె మేనత్త దగ్గర వదులుతానంది, ఇంకొకామె అవతలి వరసలో అక్క గదిలో అంది. అవన్నీ కంప్యూటరులోకి ఎక్కించి, గది మూస్తే ఒకలా, తెరిచి ఉంచితే ఒకలా లెక్క కట్టి చూసింది. మూస్తే, అప్పటికే రోగం అంటిన పిల్లలు తలోదిక్కూ పోయి వరసలన్నిటికీ అంటిస్తున్నారు. తెరిచి ఉంచి, అక్కడే అందరికీ టీకాలు వేసి, జ్వరమొచ్చిన వాళ్లను ఇంటిపట్టున ఉంచితే రోగం అణిగిపోతోంది.

"మూయకపోవడమే మేలంటావా? వింటే జనం నవ్వుతారు" అన్నాడు అధికారి.

"నాకూ నమ్మబుద్ధి కాలేదు సార్. అందుకే మళ్లీ మళ్లీ కట్టి చూశా."

ఆయన తెర మీది రెండు లెక్కల గీతల్నీ పక్కపక్కన పోల్చి చూసి, సరేనన్నాడు. నర్సులు పెద్దమ్మ గదిలోనే టీకాలు వేశారు. జ్వరమొచ్చిన పిల్లల తల్లులకు సెలవివ్వడానికి మిల్లు యజమానిని ఒప్పించేసరికి మాత్రం లెక్కలక్క తల ప్రాణం తోకకొచ్చింది.

తట్టు తగ్గింది. కానీ వంతెన అవతల, ఈ వరసలతో ఏ రాకపోకలూ లేని ఒక మంగలి ఇంట్లో ఇద్దరు పిల్లలకు అది కనబడింది. వాళ్లూ కోలుకున్నారు.

"అంతా సర్దుకుంది కదమ్మా, ఇంకా ఎందుకు తవ్వుతావు?" అన్నాడు అధికారి.

"వంతెన ఎలా దాటింది సార్? అసలు తగ్గింది మన టీకాల వల్లా, దానంతటదేనా?"

ఆమె మంగలి ఇల్లు ఎటో కనుక్కుని బయల్దేరింది.